చుక్కలో నాచు

ఎండలు బాగా ముదిరిన ఆ కాలంలో, బురదనేలల మీదున్న ప్రతి ఊళ్ళోనూ నీళ్ళు చూసే మనిషి ఒకరు ఉండేవారు. చిట్టిలంకలో ఆ పని సువార్తమ్మది. రోజూ పొద్దున్నే పొయ్యి మీద అన్నం పడేసి, మడుగులోని చుక్క నీటిని మైక్రోస్కోపు కింద పెట్టి, కంటికి ఆనని నాచు బతికుందో లేదో ఆఫీసుకు రాసేది. నాచు చచ్చిందంటే అడుగున నేల ఎండిపోతోందన్నమాట. ఏళ్ళ తరబడి కుళ్ళిన ఆకూ అలమూ పేరుకున్న నేల అది, ఎండితే లోలోపలే అంటుకుంటుంది. ఊరు ఖాళీ చెయ్యాలి.

ఆ మంగళవారం చుక్కలో పచ్చటి నలుసు కూడా లేదు.

“నిన్నటిదే రాసెయ్ అమ్మాయ్,” అంది అత్త రాహేలు. “మీ మావయ్య ఇంకెన్నాళ్ళో ఉండడు. తన మంచం మీదే పోనీ.”

సువార్తమ్మ నిన్నటిదే రాసింది. ఆ తర్వాత మూడ్రోజులూ అదే రాసింది. శనివారం మావయ్య పోయాడు. పక్కింటి మోషే గొయ్యి తవ్వడానికి వెళ్ళాడు. మూడడుగులు తవ్వేసరికి కాళ్ళ కింద నేల కుంగి, నడుం దాకా నిప్పుల్లోకి దిగిపోయాడు. పైకి లాగేసరికి ప్రాణం లేదు.

ఊరు ఖాళీ చేస్తున్న ట్రాక్టరులో మోషే భార్య సువార్తమ్మ పక్కనే కూర్చుంది.

“రోజూ చూస్తావు గదా వదినా, నీకేం కనపడలేదా?” అని మెల్లగా అడిగింది.

రాహేలు కోడలి చెయ్యి గట్టిగా నొక్కింది. సువార్తమ్మ ఆ చెయ్యి విడిపించుకుంది.

“కనపడింది,” అంది.