ముందద్దం

బావ తన స్పోర్ట్స్ కారు ముందద్దం మార్పించడానికి నేను పనిచేసే షెడ్డుకే వచ్చాడు.

"లారీ చక్రం కింది రాయి ఎగిరొచ్చి తగిలింది మరదలా. నా గుండె పగిలిపోయిందనుకో," అంటూ బానెట్‌ను పసిబిడ్డలా నిమిరాడు.

అంచుల వెంట బంక కోసి అద్దాన్ని పైకెత్తాను. అది బయటికి ఉబ్బి ఉంది. దెబ్బ తగిలింది లోపలినుంచి. పగుళ్లలో ఇరుక్కున్న పొడుగాటి వెంట్రుకలు వేళ్లకు చుట్టుకున్నాయి.

"పాతది చెత్తలో పడెయ్. త్వరగా కానిస్తే ఆస్పత్రికి వెళ్లాలి. మీ అక్క నుదుటి కుట్లు విప్పుతారట. మెట్లు చూసుకుని దిగమంటే వింటుందా?"

అతని ముఖం చూడబుద్ధి కాలేదు. పాత అద్దాన్ని దుప్పటిలో చుట్టి నా వ్యానులో పెట్టాను.

"దాన్నెక్కడికి?" అన్నాడు.

"పోలీస్ స్టేషన్‌కి బావా. అక్క జారిపడిన మెట్లు ఇవేనని చూపించాలిగా."