బావ గొంతు

మధ్యాహ్నం ఫైనల్ మ్యాచ్ పెట్టుకుని కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ తన జట్టును గాలికొదిలేశాడు. అక్క ఇంటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బావని పంపించక్కా, నీకు పుణ్యముంటుంది."

"కుదరదంటే కుదరదు. వారం దాకా నోరు మెదపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అరిస్తే మీ బావ గొంతు గోవిందా!"

బావకి మందుల షాపుంది. ఊరందరికీ దగ్గు మందు అమ్మే మనిషికే గొంతు పూడుకుపోయింది. ప్రస్తుతం మఫ్లర్ చుట్టుకుని పెళ్లాం వెనక నిలబడి ఉన్నాడు. బూట్లు కూడా వేసేసుకున్నాడు. 'నేను వస్తా, దాన్ని ఒప్పించు' అని బావమరిదికి సైగలు చేస్తున్నాడు.

ఆ కాలేజీ ఫుట్‌బాల్ చరిత్ర తెలిస్తే కోచ్ కాళ్లబేరానికి ఎందుకొచ్చాడో మీకే అర్థమవుతుంది. ఒకప్పుడు వాళ్ల కప్పుల అల్మరాలో బొద్దింకలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఏటి అవతలి కాలేజీతో ఏటా ఫైనల్ ఆడటం, ఏటా చావుదెబ్బ తిని రావడం. అవతలివాళ్లు ఆట అయ్యేదాకా కూడా ఆగకుండా హాఫ్ టైమ్‌లోనే మిఠాయిలు పంచేసుకునేవాళ్లు.

అలాంటిది, అక్క పెళ్లయిన ఏడాది కొత్త బావ సరదాగా మ్యాచ్ చూడ్డానికొచ్చాడు. గొంతు చించుకుని అరిచాడు. కప్పు వచ్చింది! మరుసటి ఏడూ వచ్చాడు, అరిచాడు, మళ్లీ కప్పు. ఇక అల్మరా చాలక రెండోది కొన్నారు. మధ్యలో ఒక్క ఏడాది బావ పన్ను పీకించుకుని, మూతి వాచి, ఇంట్లో పడుకున్నాడు. ఆ ఏడు తిన్న గోల్స్ సంగతి ఇప్పుడెందుకు లెండి.

ఇదంతా క్రమశిక్షణ ఫలితమని ప్రిన్సిపాల్ కాలేజీ పత్రికలో రాసుకున్నాడు. కాదు, మా కాళ్ల మహిమ అన్నారు పాత ఆటగాళ్లు. కోచ్ ఇద్దరి మాటకీ తలూపాడు. లోపల మాత్రం ఆయనకి తెలుసు.

కోచ్ అక్కని వంటింట్లోకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"ఈసారి ఓడిపోతే టీమే ఎత్తేస్తారట అక్కా. గ్రౌండ్‌లో కార్ల పార్కింగ్ కడతారట. నన్నేమో లైబ్రరీలో కూర్చోబెడతారట. నేనూ, పుస్తకాలూనా!"

అక్క గుండె నీరైపోయింది. తమ్ముడు చిన్నప్పుడు పుస్తకం పట్టుకుంటే చాలు, కూర్చున్నచోటే నిద్రపోయేవాడు.

"సరే, తీసుకెళ్లు. నోరు మాత్రం విప్పనివ్వకు. ఇదిగో, ఈ స్టీలు పళ్లెం, గరిటె ఇచ్చి వాయించుకోమను."

"పళ్లెం పనిచేస్తుందంటావా?"

"నాకేం తెలుసురా? గెలవడానికి మీ పిల్లలకి కాళ్లు లేవూ?"

"కాళ్లున్నాయి. బావ అరిస్తేనే పరిగెడతాయి."

కోచ్ బావని స్కూటర్ మీద ఎక్కించుకుని, దగ్గరుండి ముందు వరుసలో కుర్చీ వేయించి, ఒళ్లో పళ్లెం పెట్టి మరీ వచ్చాడు. ఆట మొదలైంది. బావ పళ్లెం చితకబాదాడు. చుట్టుపక్కలవాళ్లు చెవులు మూసుకున్నారు. కోచ్ భయపడ్డట్టే అయింది. పళ్లెం పనిచెయ్యలేదు. ఏటి అవతలివాళ్లు గోల్ కొట్టేశారు. అయినా బావ ముఖంలో దిగులన్నది లేదు, ఇంకాస్త హుషారుగా వాయించాడు. అదీ ఆ మనిషి గొప్పతనం!

హాఫ్ టైమ్‌కి ప్రిన్సిపాల్ కోచ్ దగ్గరకొచ్చి, "లైబ్రరీలో ఫ్యాన్ బాగానే తిరుగుతుందిలే," అన్నాడు.

కోచ్‌కి చెమటలు పట్టాయి. ఆటగాళ్లకి ఒక్క ముక్క చెప్పకుండా గ్రౌండ్ ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తాడు. కంచె పట్టుకుని రొప్పుతూ అన్నాడు:

"బావా! మీ కేక వినపడకుండా ఇదేం ఫైనల్ బావా? పండగలో పాట లేనట్టుంది. అక్క ఇక్కడ లేదు. ఆ పళ్లెం అవతల పారెయ్యండి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి!"

బావ గొంతు తడుముకున్నాడు. డాక్టరు గుర్తొచ్చాడు. డాక్టరుకంటే ముందు పెళ్లాం గుర్తొచ్చింది. అటూ ఇటూ చూశాడు. మఫ్లర్ విప్పేశాడు.

"కొట్టండ్రా! వదలకండ్రా!"

గ్యాలరీ మీది పావురాలు లేచిపోయాయి. కోచ్ ప్రాణం లేచి వచ్చింది. ఆట మళ్లీ మొదలైన కాసేపటికే అవతలి గోల్‌కీపర్ చేతుల్లోకి నేరుగా వచ్చిన బంతి, సబ్బుముక్కలా జారి లోపలికి పోయింది. సమానం!

బావ కుర్చీ ఎక్కాడు. "లెండ్రా! పరిగెత్తండ్రా! చచ్చిపోయార్రా మీరు?" అని కేకలు పెట్టాడు. నరాలు ఉబ్బాయి, ముఖం ఎర్రబడింది. బెంచీ దగ్గర కోచ్ దణ్ణం పెట్టుకుంటూ, "ఇంకొంచెం బావా, ఇంకొక్క కేక," అని గొణుక్కుంటున్నాడు.

ఆ కేక రానే వచ్చింది. కార్నర్ నుంచి వచ్చిన బంతిని తప్పించుకుందామని కోచ్ జట్టు సెంటర్ ఫార్వర్డ్ తల వంచాడు. అది వాడి తలకే తగిలి గోల్‌లో పడింది. రిఫరీ చివరి ఈల వేశాడు.

కాలేజీ పిల్లలు గంతులేశారు. ఇదంతా క్రమశిక్షణ అని ప్రిన్సిపాల్ పక్కవాళ్లకి చెప్పడం మొదలెట్టాడు. కోచ్ మాత్రం కప్పు వైపు చూడనైనా చూడకుండా కంచె దూకి వెళ్లి బావని వాటేసుకున్నాడు. బావ కళ్లు ధారలు కడుతున్నాయి.

"ఏడవకండి బావా. మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను," అన్నాడు కోచ్.

బావ కళ్లు తుడుచుకుని, తను చదువుకున్న ఏటి అవతలి కాలేజీ జెండాని జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకుంటూ, "వచ్చే ఏడు కూడా పిలువు బావమరిదీ, ఎప్పటికైనా మావాళ్లు నీ టీముని చిత్తుచెయ్యకపోతారా!" అన్నాడు.