నాలుగు క్రెడిట్లు

"బుల్లిరాజు గారూ, ఈ కంపు భరించడం నా వల్ల కాదండీ!"

ఉదయ్‌భాస్కర్ జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

నరసాపురంలోని ఆ ఇంటర్నెట్ సెంటరులో ఉన్నవి ఆరు కంప్యూటర్లు. ఒకరి తెర ఒకరికి కనబడకుండా మధ్యలో బిగించిన చెక్క అడ్డాలు వాసనను ఆపలేకపోయాయి.

పక్క కుర్చీలో ఒక నడివయసు మనిషి. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, కాళ్లకు ఎండిన ఇసుక, చొక్కా నుంచి పచ్చి చేపల నీచు వాసన.

"అగరొత్తి వెలిగించాను కదండీ పంతులు గారూ," అన్నాడు సెంటరు యజమాని బుల్లిరాజు.

"చేపా అగరొత్తీ కలిసి ఇంకా ఘోరంగా ఉందండీ!"

ఎవరో కిసుక్కుమన్నారు.

అసహ్యం ఆలోచన కంటే ముందు నడుస్తుంది. ముక్కు తీర్పు చెప్పేశాక, మనసు సాక్ష్యాల కోసం వెదుకుతుంది.

ఆ రోజు ఉదయ్‌భాస్కర్ మనసుకు వేరే బాధ కూడా ఉంది.

అది రెండు వేల అయిదు, మార్చి ముప్ఫై ఒకటి.

అతను డిగ్రీ చదివే కాలేజీలో ప్రోగ్రామింగ్ చెప్పే లెక్చరరు ఏడాది మధ్యలో మానేశాడు. ఆ పేపరును ఆన్‌లైన్‌లో పూర్తిచేసి, నాలుగు క్రెడిట్లు తెచ్చుకుంటే డిగ్రీలో కలుపుకుంటామంది కాలేజీ. లేకపోతే ఈ ఏడు డిగ్రీ లేదు.

రెండు నెలలు వెదికాడు. విదేశీ కోర్సులు డాలర్లలో మాట్లాడాయి. భీమవరం ఇన్‌స్టిట్యూట్ల సర్టిఫికెట్లకు క్రెడిట్లు రావన్నారు. చివరకు, సఖినేటిపల్లిలో అర్చకత్వం చేసుకునే తండ్రి భరించగల కోర్సు ఒక్క సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దొరికింది.

విద్యార్థి ఎవరో ట్యూటరుకు గాని, ట్యూటరు ఎవరో విద్యార్థికి గాని తెలియకూడదన్నది అక్కడి నియమం. ఇటు రోల్ నంబరు, అటు కోడ్ నంబరు.

అతని ట్యూటరు కోడ్ పన్నెండు.

ఒక ఫంక్షను తనను తానే పిలుచుకోవడమేమిటో అర్థం కాక తల పట్టుకున్నప్పుడు, ఆ పన్నెండో నంబరు ట్యూటరు మూడు రకాలుగా వివరించాడు. అప్పటికీ అర్థం కాలేదంటే, "లోపం నా వివరణలో ఉంది, మీలో కాదు," అని రాసి మళ్లీ మొదలుపెట్టాడు.

హైదరాబాదులో ఏసీ గది, మడత నలగని తెల్ల చొక్కా, బంగారు ఫ్రేము కళ్లద్దాలు. ఉదయ్‌భాస్కర్ ఆయనను అలా ఊహించుకున్నాడు.

ఆ ట్యూటరు వేసే మార్కులు సాయంత్రం నాలుగింటిలోగా విశ్వవిద్యాలయానికి చేరాలి. ఇప్పుడు మూడున్నర. తెర మీద ఇంకా అదే మాట: మార్కులు అందలేదు.

పక్క కుర్చీ మనిషి అడ్డం మీదుగా తల ఎత్తాడు.

"బాబు గారూ, ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి. నాలుగుసార్లు తెగి, ఇప్పుడే కలిసిందండి లైను."

"మీకిక్కడ పనేంటండీ? చేపల రేటు కంప్యూటరు చెబుతుందా?"

"చెబితే బాగుండేదండి," అంటూ ఆ మనిషి కూడా నవ్వాడు.

ఆ నవ్వు ఉదయ్‌భాస్కర్‌కు మరింత కంపరం పుట్టించింది.

"బుల్లిరాజు గారూ, ఆయనైనా ఉండాలి, మేమైనా ఉండాలి. రేపటి నుంచి మా బ్యాచ్‌లో ఒక్కడూ రాడు ఇక్కడికి."

బుల్లిరాజు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎంతోసేపు చూడవలసిన అవసరం కలగలేదు.

"లేవయ్యా, లే. రేపు పొద్దున్నే రా, స్నానం చేసి."

"రేపు పనికిరాదండి."

"అయితే ఎల్లుండి రా. ముందు లే!"

ఆ మనిషి తెర వైపు ఒకసారి చూసి లేచాడు. "మీకు ఇబ్బంది కలిగించాను, ఏమనుకోకండి," అని ఉదయ్‌భాస్కర్‌కే చెప్పి, గబగబా మెట్లు దిగిపోయాడు.

బుల్లిరాజు కుర్చీని ఫినాయిలు గుడ్డతో తుడిచాడు. కీబోర్డు మీద అంటుకున్న పొలుసును ఉదయ్‌భాస్కర్ పెన్ను మొనతో చూపించి, "అది కూడానండీ," అన్నాడు.

నాలుగయింది. తెర మీద మాట మారలేదు.

అసహ్యమంతా ఇప్పుడు హైదరాబాదు వైపు తిరిగింది. అక్కడే కూర్చుని విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు పంపాడు. 'విద్యార్థి భవిష్యత్తుతో ఆడుకునే ఇటువంటి బాధ్యత లేని మనిషిని తొలగించవలసిందిగా కోరుతున్నాను,' అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివి తృప్తి పడ్డాడు.

మూడు వారాలకు కవరు వచ్చింది. అందులో రెండు కాగితాలు.

మొదటిది ఉత్తర్వు. నాలుగు క్రెడిట్లు మంజూరయ్యాయి. గడువు పాటించని పన్నెండో నంబరు ట్యూటరును విధుల నుంచి తొలగించారు.

"తగిన శాస్తి!" అనుకున్నాడు ఉదయ్‌భాస్కర్.

రెండవది ఆ ట్యూటరు ఇచ్చుకున్న సంజాయిషీ నకలు.

'మా ఊరు మొగల్తూరు అవతల సముద్రపు ఒడ్డు. వారం రోజులుగా అక్కడ ఫోన్లు పనిచేయలేదు. గడువు రోజున మా ఇంట్లోవాళ్లు పట్టిన చేపలు నరసాపురం మార్కెట్లో దించి, మార్కులు పంపడానికి నేరుగా ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లాను. పక్కన కూర్చున్న అబ్బాయికి నా ఒంటి వాసన పడక నన్ను లేపేశారు. బస్టాండు దగ్గరి సెంటరుకు పరుగెత్తి, అక్కడ లైను కలిసేసరికి నాలుగు దాటింది. ఇందులో ఆ అబ్బాయి తప్పు గాని, ఫిర్యాదు చేసిన నా విద్యార్థి తప్పు గాని లేదు. నన్ను తొలగించినా, అతని క్రెడిట్లు అతనికి ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.'