తలుపుకు వేపమండ

మామ్మ పసుపునీళ్ల చెంబుతో మెట్లెక్కుతున్న చప్పుడు విని నాగరత్నం జామెట్రీ పుస్తకాన్ని తలగడ కిందికి తోసింది.

గది తలుపుకు వేపమండ కట్టింది అమ్మే. కొత్త ఒరిస్సా సర్కారులో గుమాస్తా అయిన పెళ్లికొడుకు పిల్లను చూడ్డానికి పురుషోత్తంపూర్ నుంచి వస్తున్నాడని, ఇంక పరీక్ష ఎందుకని నాన్న అన్న రోజే, పిల్లకు అమ్మవారు పోసిందని అమ్మ బరంపురంలో వీధంతా చెప్పింది. అప్పట్నుంచి ఆ గది కిటికీ కూడా తెరవలేదు. మెట్రిక్ పరీక్ష రేపే.

"అమ్మోరికి నీళ్లోసి సాగనంపాల, తప్పుకోవే," అంటూ కోడల్ని పక్కకు నెట్టి మామ్మ లోపలికొచ్చింది. చిన్నప్పటి మశూచి మచ్చలతో నిండిన ఆమె ముఖం నాగరత్నం నున్నటి ముఖం మీదికి వంగింది. తలగడ కింద పుస్తకం అంచు కనబడుతూనే ఉంది. అమ్మ గోడకు అతుక్కుపోయింది.

కిందనుంచి నాన్న కేకేశాడు. "ఎలాగున్నాదమ్మా? పెళ్లోర్ని ఎప్పుడు రమ్మనాల?"

మామ్మ ఆ పుస్తకాన్ని తలగడ కిందికి పూర్తిగా తోసింది.

"ఇంకేటి రమ్మంతావు నాయనా! అచ్చం నా మొకంలాగే అయిపోనాది."

నాన్న మెట్ల కిందనుంచే అన్నాడు. "అయితే రేపు పరీచ్చకి పంపించండి. పెళ్లెలాగూ అవదు, సదువైనా ఉండనీ."

అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. మామ్మ పసుపు ముద్ద తీసి, మనవరాలి బుగ్గల మీద నున్నదనం కనబడకుండా దట్టంగా మెత్తింది.

"కడిగీకు. పరీచ్చలయ్యేదాకా నవ్వకు కూడా."