మందు పడని చేను

పత్తి చేను పచ్చపురుగు పాలైంది. గట్టు మీద కూర్చున్న తిరుపతయ్య భార్య వైపు తిరిగాడు.

"అచ్చంపేట పోయొస్త. ఒక్క డబ్బా మందు తెస్త."

"వద్దు," అంది అమృతమ్మ. "సర్టిఫికెట్ పోతది."

ఆయన పురుగు పట్టిన కాయ ఒకటి తెంపి అవతలికి విసిరాడు.

రసాయనాలు లేని సేంద్రియ పత్తికి మంచి ధర ఇస్తామని పట్నం కంపెనీ ఒకటి వాళ్ల ఊరు లింగాలకు వచ్చింది తొంభై అయిదులో. మూడేళ్లు చేనులో మందు చుక్క పడకూడదు. ఇంట్లో డబ్బా కనిపించకూడదు. అప్పుడే సర్టిఫికెట్. చేరినవాళ్లంతా పురుగుకు భయపడి నిరుడే మానుకున్నారు. అమృతమ్మ ఒక్కతే మిగిలింది.

కంపెనీ కన్నా ఆమే గట్టిగా పట్టుకుంది. ఒకే వాకిట్లో కాపురముండే మరిది పెంటయ్యతో పోట్లాడి, అతని మందు డబ్బాలను ఊరవతలి కొట్టంలోకి మార్పించింది. ఊర్లోని పురుగుమందుల దుకాణానికి పోయి, తన మొగుడు ఎంత అడిగినా అమ్మొద్దని దండం పెట్టి వచ్చింది. ఒకరోజు తిరుపతయ్య చెప్పకుండా అచ్చంపేట బస్సెక్కితే, చేనులోంచి మట్టికాళ్లతో ఉరికొచ్చి తనూ ఎక్కింది.

"సర్టిఫికెట్ పిచ్చి," అని ఊరు నవ్వింది.

"చేనంత పురుగు తిన్నంక సర్టిఫికెట్ ఉడకబెట్టుకొని తింటవా వదినా?" అన్నాడు పెంటయ్య.

మందు కొడితే చేను దక్కుతుందని ఆమెకూ తెలుసు. తెలిసీ వేపకషాయం చల్లింది. పురుగులను చేత్తో ఏరింది. వేళ్లు పగిలాయే గాని పురుగు తగ్గలేదు.

కంపెనీ తరఫున తనిఖీకి వచ్చే యోసేపు ఆ వారం వచ్చాడు. పురుగు తొలిచేసిన కాయలు ఒక్కొక్కటీ విప్పి చూశాడు.

"అమ్మా, కంపెనీ ఈ పని మానుకుంది. ఇక సర్టిఫికెట్ లేదు, తనిఖీ లేదు. రేపే మందు కొట్టించు. మిగిలిందైనా దక్కుతుంది."

అవతలి గట్టు నుంచి తిరుపతయ్య వస్తున్నాడు. అమృతమ్మ గబుక్కున యోసేపు చేతులు పట్టుకుంది.

"సారూ, గా మాట మా ఆయనకు జెప్పకుండ్రి. ఊర్లె ఎవలకు తెల్వదు, మీరొచ్చే ముందేడు ఆయన గా పురుగుల మందే తాగిండు."