లేకపోతే ఆగిపోవాలి

"దీనికెవరు అంటించారు?" అంటూ హెడ్‌క్లర్కు స్టూలు మీది ఎర్ర చీటీని గోటితో గీకి పీకేశాడు.

"నేనేనండీ" అంది అక్క.

ఆ ఆఫీసులో ఆవిడ అటెండరు. వయసుతో పనిలేకుండా అందరికీ అక్కే, రేపో మాపో రిటైరవబోయే హెడ్‌క్లర్కుతో సహా. ఒకటో తారీఖుకల్లా ఆఫీసు ఇందులో సగం కూడా లేని కొత్త చోటికి మారుతోంది. ‘ఎసెన్షియల్’ అని అచ్చేసిన ఎర్ర చీటీ ఉన్న సామానే లారీ ఎక్కుతుంది. తక్కినదంతా పాతసామాన్లవాడికి. చీటీలు అంటించే పని మేనేజరు అక్కకి అప్పజెప్పాడు.

"పందొమ్మిదేళ్లుగా దీనిమీదే కూచుంటున్నా సార్."

"కూచుంటే? అసలు ఎసెన్షియల్ అంటే ఏంటో తెలుసా నీకు?"

"ముఖ్యమైనదని టైపిస్టమ్మాయి చెప్పింది."

"ముఖ్యం వేరు, ఇది వేరు. అది లేకపోతే పని ఆగిపోవాలి! ఆగిందా, ఎసెన్షియల్. ఆగలేదా, చెత్త." హెడ్‌క్లర్కు స్టూలుని కాలితో పక్కకు జరిపి, తన కుర్చీకి చీటీ ఉందో లేదో చూసుకుని మరీ వెళ్లాడు.

అక్కకి కోపం రాలేదంటే అబద్ధం. కానీ కోపం కన్నా ఆ మాటే ఆవిణ్ణి ఎక్కువ పట్టుకుంది. లేకపోతే ఆగిపోవాలి. బాగానే ఉంది. మరి ఆగుతుందో లేదో తీసి చూస్తే గాని ఎలా తెలుస్తుంది?

మర్నాడు గోడగడియారం దాచింది. రెండు రోజులైనా ఒక్కరూ తలెత్తి చూడలేదు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి మరి. సలహాల పెట్టె దాచింది. దాని సంగతీ ఎవరికీ పట్టలేదు. మూత తీసి చూస్తే లోపల ఎండిపోయిన బల్లి తప్ప ఒక్క సలహా కూడా లేదు. స్టాంపు ప్యాడ్ దాచింది. పది నిమిషాలు తిరక్కుండానే అందరూ కలిసి ఇల్లు పీకి పందిరేశారు. ఇక హెడ్‌క్లర్కు నడుం వెనక పెట్టుకునే దిండు దాచిన రోజైతే, ఆయన ఇంకా కుర్చీలో కూలబడకముందే "నా దిండేదీ!" అని కేకేశాడు. అక్క మూతి బిగించి నవ్వాపుకుంది. ఇన్నేళ్లుగా తుడుస్తున్న సామాన్ల అసలు రంగు ఇప్పుడు బయటపడుతుంటే ఆవిడకి భలే సరదాగా ఉంది.

ఆ సరదా కాస్తా శుక్రవారం దిగిపోయింది.

"అక్కా, ఒక మాట చెప్తా, ఎవరితోనూ అనకు" అని టైపిస్టు గొంతు తగ్గించింది. "పై ఆఫీసువాళ్లు మనుషుల లిస్టు కూడా అడిగారట. పైనుంచి కిందిదాకా అందరిదీ. ఎసెన్షియల్ అనుకున్నవాళ్లకే కొత్త ఆఫీసులో చోటు."

"తక్కినవాళ్లకి?"

టైపిస్టు గబగబా తన సీటుకి వెళ్లి టైపు కొట్టసాగింది.

అక్క జీతం మీదే ఇంట్లో పొయ్యి వెలగాలి, కూతురి చదువు సాగాలి. శని, ఆదివారాలు ఇంట్లో ఏ పని చేస్తున్నా బుర్రలో ఒకటే ప్రశ్న. మరి నేను లేకపోతే? ఆగుతుందా?

సోమవారం పెందలాడే వచ్చి పాత రికార్డుల గదిలో దూరింది. తలుపు వేలెడు సందు ఉండేలా దగ్గరికి వేసి, ఫైళ్ల కట్ట మీద చతికిలబడి చెవులు రిక్కించింది.

తొమ్మిదింటికి ఒక్కొక్కరే వచ్చారు.

"అక్క రాలేదా ఇవాళ?" హెడ్‌క్లర్కు గొంతు.

"కనబళ్లేదండీ."

"సరేలే."

అంతే. ఆ తర్వాత ఫోను మోగితే ఎవరో ఎత్తారు. మంచినీళ్లు ఎవరికి వాళ్లే పట్టుకున్నారు. పార్శిల్ తెచ్చినవాడు సంతకం అడిగితే టైపిస్టే పెట్టింది. "ఆ చెక్క బీరువాలో చూడండి, అక్కడే ఉంటుంది" అని ఎవరో ఎవరికో ఫైలు కూడా చూపించారు. ఒంటిగంటకి డబ్బాలు విప్పుకుని, పకపకా నవ్వుకుంటూ భోంచేశారు. ఏదీ ఆగలేదు. ఆగే సూచనలు కూడా లేవు.

అక్కకి దుఃఖం తన్నుకొచ్చింది. పందొమ్మిదేళ్లు ఈ గదుల్లో అరిగిన అరికాళ్లకి దక్కింది ఒక్క ‘సరేలే’నా! అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వెక్కింది.

"ఉష్! మెల్లిగా!"

అక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక బీరువా చాటునుంచి ఒక తల బయటికొచ్చింది. జుట్టంతా బూజు. చేతిలో బూట్లు పట్టుకుని, మోకాళ్ల మీద పాక్కుంటూ మేనేజరు వచ్చాడు.

"సార్! మీరా? ఇక్కడేం చేస్తున్నారు?"

"నువ్వు చేస్తున్నదే" అన్నాడాయన. మొహం వేలాడేసుకుని, తలుపు సందులోంచి ఒకసారి బయటికి తొంగిచూశాడు. "నిన్నైతే ఒకడైనా అడిగాడు అక్కా. పొద్దుట్నుంచీ నా ఊసెత్తినవాడు లేడు!"