సాయన్న పాట

కార్గిల్ యుద్ధం జరుగుతున్న రోజులు. కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇద్దరు మాజీ సైనికులు రాత్రి కాపలా కాస్తున్నారు. రేడియోలో వార్తలు అయిపోయాయి.

"డెబ్బై ఒకటిల లడాయి షురువైన రాత్రి యాదికున్నదా?" అన్నాడు కొమురయ్య.

"ఎట్ల మర్సిపోత? బార్డర్ల మనం ముగ్గురం చాయ్ పెట్టుకున్నం. బాంబు పడి సాయన్న తాగకుంటనే పాయె" అన్నాడు వెంకటేశం.

సాయన్న పాడే నాట్ల పాటను తలుచుకుని ఇద్దరూ నవ్వుకున్నారు. అది సాయన్నకు వాళ్లమ్మ నేర్పిన పాట. మరెవరికీ రాదు.

నవ్వు ఆగాక, గేటు అవతల చీకట్లో ఎవరో ఆ పాటే మెల్లగా పాడుతున్నారు.

వెంకటేశం టార్చి అందుకున్నాడు. కొమురయ్య అతని చేయి పట్టుకున్నాడు.

"లైటెయ్యకు. పోతడు."